గోడలే మిగిలిన చోట గైడు కావాలి: హోబార్ట్‌లోని కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీ

ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో ఒకప్పుడు ఆడ ఖైదీల జైలుగా ఉన్న కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీకి వెళ్ళాలనుకునే వారికి ముందే ఒక మాట చెబుతాను. టికెట్టు కొనేటప్పుడు గైడు వెంట ఉండి చూపించే టూరే తీసుకోండి. ఒట్టి ప్రవేశ టికెట్టుతో లోపలికి వెళితే కనిపించేవి ఎత్తయిన రాతి గోడలు, ఖాళీ ఆవరణలు, మేట్రన్ (ఆడ ఖైదీలను పర్యవేక్షించే అధికారిణి) ఉన్న చిన్న ఇల్లు, 2022లో తెరిచిన కొత్త ప్రదర్శనశాల. పాత జైలు గదులు చాలావరకు ఎప్పుడో కూలిపోయాయి, కూలగొట్టారు. పావుగంటలో చుట్టి వచ్చి, ఏముంది ఇక్కడ అనుకుంటూ వెళ్ళిపోయేవారు నా కళ్ళ ముందే కొందరు కనిపించారు. అదే ఆవరణలో గైడు వెంట నడిచిన మేము గంట దాటినా కదలలేకపోయాం.

తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. బ్రిటన్, ఐర్లండ్ కోర్టుల్లో నేరం రుజువైన ఆడవాళ్ళను ఓడల్లో ఎక్కించి, సముద్రాలు దాటించి ఆస్ట్రేలియా వలసలకు పంపేవారు. అలా వచ్చిన సుమారు 25 వేల మందిలో దాదాపు సగం, అంటే 12,500 మంది దాకా, అప్పట్లో వాన్ డీమెన్స్ ల్యాండ్ అని పిలిచిన టాస్మానియాకు చేరారు. హోబార్ట్ ఊరి అంచున, వెల్లింగ్టన్ కొండ కింది లోయలో, మూతపడ్డ ఒక సారా బట్టీని ప్రభుత్వం కొని 1828 చివర్లో ఈ ఆడవాళ్ళ జైలు తెరిచింది. 1856 దాకా ఆ పేరుతోనే నడిచింది. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన 11 ఆస్ట్రేలియా ఖైదీ స్థలాల్లో ఇది ఒకటి.

నేను చరిత్ర చదువుకున్న మనిషిని కాను. ఆడపిల్లలకు కుట్టు నేర్పడం నా వృత్తి. ఇప్పుడు మా అమ్మాయి హోబార్ట్‌లో ఉద్యోగం చేస్తోంది కాబట్టి చూడటానికి వచ్చాను. ఈ జైలు గురించి చెప్పి, తప్పకుండా చూడాలని తీసుకెళ్ళింది తనే. కాబట్టి ఈ సమీక్షలో బట్టలూ సూదీ దారం గురించి ఎక్కువ ఉంటే ఓర్చుకోండి. నాకు ఆ ఖైదీ పిల్లలు అర్థమైంది ఆ దారిలోనే.

టికెట్టు దగ్గర మా అమ్మాయి ఇరవై డాలర్ల నోటు తీసింది. ఆ నోటు మీద బొమ్మ ఉన్న ఆవిడ కూడా ఇలా ఓడెక్కి వచ్చిన ఖైదీయే అని అక్కడే చెప్పింది. పేరు మేరీ రీబీ. మగపిల్లవాడి వేషంలో తిరుగుతూ గుర్రం దొంగతనం కేసులో పట్టుబడితే, 1791లో ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారట. అప్పటికి వయసు పద్నాలుగు. మరుసటి ఏడాది సిడ్నీ చేరింది, పెళ్ళి చేసుకుంది, భర్త పోయాక ఓడలు, వ్యాపారం తనే నడిపి పెద్ద ఆస్తిపరురాలైంది. గొప్ప సంగతే, కాదనను. కానీ అలా గెలిచిన మనిషి బొమ్మ ప్రతి జేబులోనూ తిరుగుతుంది. గెలవని వేల మంది పిల్లలు ఏమయ్యారో ఎవరు చెబుతారు? ఆ పని చేస్తోంది కాబట్టే ఈ చోటు నాకు విలువైనదిగా అనిపించింది. ఇక్కడ చెప్పేది మామూలు పనిమనిషి కథ. యజమానురాలి శాలువా తీసిందనో, అంగడిలో గుడ్డ ముక్క దాచిందనో ఏడేళ్ళ శిక్ష పడ్డ పిల్ల కథ.

మా గైడు నడివయసు స్త్రీ. నిదానంగా మాట్లాడారు. నాకు ఇంగ్లిషు అందని చోట మా అమ్మాయి చెవిలో తెలుగులో చెబుతుంటే, ఆవిడ ఆగి, అమ్మాయి చెప్పడం అయ్యాకే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఎవరూ అడగకుండానే అంత మర్యాద చూపిన గైడును నేను వేరే ఎక్కడా చూడలేదు.

మొదటి ఆవరణలో ఆవిడ తరగతుల సంగతి చెప్పారు. ఆ రోజు నేను విన్నవాటిలో మనసులో దిగబడిపోయింది అదే. ఖైదీలు మూడు తరగతులు. కొత్తగా ఓడ దిగి, ఇళ్ళలో పనికి పంపడానికి సిద్ధంగా ఉన్నవారు, మంచి నడవడిక అనిపించుకున్నవారు మొదటి తరగతి. వాళ్ళ బట్టల మీద ఏ గుర్తూ ఉండదు. రెండో తరగతి వాళ్ళకు జాకెట్టు ఎడమ చేతి మీద పెద్ద పసుపుపచ్చ ‘సి’ అక్షరం. మూడోది నేరాల తరగతి. వాళ్ళకు జాకెట్టు వీపు మధ్యలో ఒక ‘సి’, కుడి చేతి మీద ఇంకొకటి, లంగా వెనక భాగాన మరొకటి. ఎటు నుంచి చూసినా, వెనక్కి తిరిగి నిలబడినా తప్పించుకునే వీలు లేదు.

నేను గైడును ఒకటే అడిగాను, ఆ అక్షరాలు ఎవరు కుట్టేవారని. జైలు బట్టలు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం రెండో తరగతి వాళ్ళ పని అని నిబంధనల్లోనే ఉందని ఆవిడ చెప్పారు. అంటే తన చేతి మీద ఒక ‘సి’ ఉన్న పిల్ల కూర్చుని, ఇంకొక పిల్ల వీపుకు, చేతికి, లంగాకు మూడు ‘సి’లు కుట్టి ఉంటుంది. కుట్టు తెలిసిన వారికి ఇది మామూలు విషయం కాదు. వంపు తిరిగిన అక్షరాన్ని గుడ్డ మీద అతికించడం తిన్నని పట్టీ వేసినంత సులువు కాదు. అంచు లోపలికి మడవాలంటే వంపు పొడవునా చిన్న చిన్న గాట్లు పెట్టాలి, లేకపోతే గుడ్డ ముడత పడుతుంది. ఒక్కో గాటు దగ్గరా పోగులు ఊడకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేయాలి. ఒక అక్షరానికి ఎంత సేపు పడుతుందో నా వేళ్ళకు తెలుసు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు సూది పట్టడం నేర్పేది నాలుగు డబ్బులు సంపాదించుకుని తమ కాళ్ళ మీద నిలబడతారని. అదే సూదితో ఒకరి సిగ్గును ఇంకొకరి చేత కుట్టించారు. నేను గోడకు ఆనుకుని కాసేపు నిలబడిపోయాను.

మూడో తరగతి వాళ్ళకు ఉతుకుడు పని. జైలు బట్టలే కాదు, అనాథ శరణాలయం బట్టలు, మగ ఖైదీల జైలు బట్టలు కూడా ఇక్కడికే వచ్చేవి. మేము వెళ్ళింది జూలైలో, అంటే అక్కడ నడి చలికాలం. కొండ నీడ ఆవరణ మీద పడుతూనే చేతి వేళ్ళు కొంకర్లు పోయాయి. పక్కనే వాగు, నేలంతా చెమ్మ. అంత చలిలో పొద్దస్తమానం నీళ్ళ తొట్టెల్లో చేతులు పెట్టి నిలబడటం ఎలా ఉంటుందో మాటలతో చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ ఒక్క కారణానికైనా ఎండాకాలం కన్నా చలికాలంలో వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. కాకపోతే స్వెట్టరు, మందం బూట్లు, మేజోళ్ళు తప్పనిసరి.

ఒంటరి గదుల గురించి చెప్పేటప్పుడు గైడు మాటలు తగ్గించారు. ఆ గదులు ఇప్పుడు నిలబడి లేవు. అవి ఉన్న చోట మమ్మల్ని కాసేపు నిలబెట్టారు, అంతే. యజమానికి ఎదురు మాట్లాడటం, చెప్పకుండా బయటికి వెళ్ళడం, తాగడం వంటి వాటికి రొట్టె, నీళ్ళు మాత్రమే ఇచ్చి ఒంటరిగా మూసేవారు. దయ్యాల కథలు చెప్పి, అరుపులు వినిపించి జనాన్ని భయపెట్టే టూర్లు ప్రపంచంలో చాలా ఉంటాయి. ఈవిడ ఆ దారి తొక్కనందుకు నాకు గౌరవం కలిగింది.

అలాగని అందరినీ ఏడుపు బొమ్మలుగా కూడా చూపించలేదు. ‘ఫ్లాష్ మాబ్’ అని ఒక జట్టు ఉండేదట. జైలు నియమాలను లెక్కచేయకుండా పాటలు పాడటం, బయటి నుంచి పొగాకు, తినుబండారాలు తెప్పించుకోవడం, పట్టు రుమాళ్ళు, చెవి కమ్మలు పెట్టుకు తిరగడం. 1840లో హోబార్ట్ పత్రిక ఒకటి వాళ్ళ మీద మండిపడుతూ రాసిందట. మూడు పసుపు అక్షరాలు కుట్టిన బట్టలు తొడిగినా, మెడకు ఒక పట్టు రుమాలు చుట్టుకోవాలన్న కోరిక చావలేదు చూడండి. ఆ ఒక్క మాట విన్నాకే వాళ్ళు నాకు నిజంగా ఇరవై ఏళ్ళ పిల్లలుగా కనిపించారు. మా అమ్మాయి కూడా ఆ వయసులో హాస్టల్ వార్డెన్ మాట వినేది కాదు.

ఇక నాలుగో ఆవరణ. మేట్రన్ ఇల్లు ఉన్నది ఇక్కడే. పసిబిడ్డల గురించి చెప్పేదీ ఇక్కడే. ఈమధ్య బిడ్డను పోగొట్టుకున్నవారు ఎవరైనా మీతో ఉంటే ముందుగా చెప్పి ఉంచండి, ఆ భాగం వరకు బయట కూర్చునేలా చూడండి.

పనికి పంపిన ఇళ్ళలో ఈ పిల్లలు గర్భవతులైతే తిరిగి జైలుకే పంపేవారు. ఆ గర్భానికి కారణమైన మగవాడి మీద కేసు లేదు, శిక్ష లేదు, చాలాసార్లు కాగితం మీద పేరైనా లేదు. జైల్లో కనేవారు. కొన్ని నెలలు పాలిచ్చాక, ఇంకా లేత వయసులోనే బిడ్డ చేత పాలు మాన్పించి, తల్లిని పెళ్ళి కాకుండా కన్నందుకు ఆరు నెలల శిక్షకు నేరాల తరగతికి పంపేవారు. మళ్ళీ ఆ తొట్టెల దగ్గరికి, ఆ మూడు అక్షరాల్లోకి. బిడ్డ నర్సరీలోనే ఇంకెవరి చేతుల్లోనో మిగిలిపోయేది. ఇరుకు గది, చెమ్మ, పాలకు బదులు నానబెట్టిన రొట్టె. విరేచనాలు పట్టుకుంటే పసివాళ్ళు నిలవలేదు. చనిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారు. పత్రికలు, మరణ విచారణలు గొడవ చేసిన తర్వాత 1838లో నర్సరీని ఊళ్ళో లివర్‌పూల్ వీధిలోని ఇంటికి మార్చారు. బతికి బయటపడిన పిల్లలను రెండు మూడేళ్ళకల్లా న్యూటౌన్‌లోని అనాథ పాఠశాలకు చేర్చేవారు. తల్లి బతికే ఉంది, అదే ఊళ్ళో ఉంది. బిడ్డ మాత్రం అనాథ.

ఇది వింటుండగా మాతో వచ్చిన వాళ్ళలో ఒక పెద్దాయన, ఆ మగవాళ్ళ పేర్లు ఎందుకు రాయలేదని కాస్త కోపంగానే అడిగాడు. గైడు, “రాయమని ఎవరూ అడగలేదు” అన్నారు. నేను అడగాలనుకున్నదే ఆయన అడిగాడు. అంతకన్నా మంచి జవాబు కూడా ఉండదు.

కొత్త ప్రదర్శనశాలకు టూరు అయ్యాకే వెళ్ళండి. ముందు వెళితే చదివింది తలకు ఎక్కదు. ఆవరణలు చూసి వచ్చాక ఒక్కో వాక్యం దగ్గరా ఆగుతారు. భవనం లోపలి వెలుగు నీడలు బాగా ఆలోచించి కట్టినట్టు ఉన్నాయి. అంతకు మించి భవన నిర్మాణం గురించి నాకు తెలియదు. చదవాల్సింది ఎక్కువగానే ఉంది, ఇంగ్లిషు రాని పెద్దవాళ్ళను తీసుకెళితే ఒకరు పక్కన ఉండి చెప్పాలి.

కుట్టు మీద ఆసక్తి ఉన్నవారు, ఆడ ఖైదీలు ఓడలో కుట్టిన రాజా బొంత ఇక్కడ ఉంటుందనుకుని రావద్దు. అది కాన్‌బెర్రాలోని జాతీయ కళా ప్రదర్శనశాల (నేషనల్ గ్యాలరీ) సొత్తు, పాతబడి నాజూకైపోవడం వల్ల అక్కడ కూడా అరుదుగానే బయట పెడతారు. కానీ దాని కథ తెలుసుకుని వస్తే ఈ చోటు ఇంకా బాగా అర్థమవుతుంది. 1841 ఏప్రిల్‌లో ఉల్విచ్ నుంచి 180 మంది ఆడ ఖైదీలతో ‘రాజా’ అనే ఓడ బయలుదేరింది. జైళ్ళలో ఆడవాళ్ళ బాగు కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై స్థాపించిన సంఘం వాళ్ళకు సూదులు, దారం, గుడ్డ ముక్కలు ఇచ్చి పంపింది. వాళ్ళను చూసుకోవడానికి కీజియా హేటర్ అనే యువతి ఓడలోనే వచ్చింది. జూలైలో హోబార్ట్‌లో దిగేసరికి 2,815 ముక్కలతో, ఒక్కో వైపు మూడు మీటర్లకు పైగా ఉన్న బొంత తయారైంది. దాన్ని కుట్టిన ఖైదీలు, తమకు సాయం చేసిన సంఘానికి కృతజ్ఞతలు చెబుతూ కింద అక్షరాలు కూడా కుట్టారు. తర్వాత అది ఎటు పోయిందో తెలియలేదు. 1987లో ఎడిన్‌బరోలో ఒక ఇంటి అటక మీద దొరికింది.

ఆ బొంత ఫొటోలు మా అమ్మాయి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూపించింది. మధ్యలో పూలు, పక్షులు కత్తిరించి అతికించినవి, చుట్టూ వరుసలుగా చదరాలు. కొన్ని చోట్ల కుట్లు చీమల బారులా సమంగా ఉన్నాయి, కొన్ని చోట్ల ఎడం ఎడంగా, వంకరగా ఉన్నాయి. చేయి తిరిగినవాళ్ళూ, అప్పుడే సూది పట్టినవాళ్ళూ ఒకే గుడ్డ మీద కూర్చున్నారని చూస్తూనే తెలిసింది. ఊగే ఓడలో, మసక వెలుతురులో అది కుట్టారు. కొత్తవాళ్ళ కుట్లను ఎవరూ విప్పి మళ్ళీ వేయలేదు. నేనైతే విప్పించి ఉండేదాన్ని. వాళ్ళు అలాగే ఉంచడం నాకు నచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. హోబార్ట్ వింతలన్నీ ఒక్క రోజులో తిప్పి చూపిస్తామనే బస్సు టూరు ఒకటి మేము మొదట మాట్లాడుకున్నాం. కార్యక్రమంలో దీని పేరు ఉంది. తీరా చూస్తే గేటు బయట బస్సు ఆపి, ఫొటోలు తీసుకోండని చెప్పి, కాసేపటికే హారన్ కొట్టారు. లోపలికి వెళ్ళే సమయమే ఇవ్వలేదు. మరో రోజు మేమే విడిగా రావాల్సి వచ్చింది. బస్సు టూరు తీసుకునేవారు ఇక్కడ ఎంతసేపు ఆపుతారో, లోపలి టికెట్టు కలిసి ఉందో లేదో ముందే అడిగి రాయించుకోండి.

అసలు బస్సు అక్కర్లేదు. నడవగలిగిన వారికి ఊరి మధ్య నుంచి వాగు పక్కనే చదునైన కాలిబాట ఉంది, చెట్ల మధ్య హాయిగా నడవవచ్చు. ఇంకా ఓపిక ఉంటే ఓడరేవు దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఐర్లండ్ శిల్పి రోవన్ గిలెస్పీ చేసిన కంచు విగ్రహాలు ఉన్నాయి, ముగ్గురు ఆడవాళ్ళు, ఒక బిడ్డ. అవి 2017లో పెట్టారు. ఓడ దిగిన పిల్లలను నడిపించి తీసుకొచ్చిన దూరం మీ కాళ్ళకు కూడా తెలుస్తుంది. నెలల తరబడి ఓడలో ఉండి, నేల మీద నడక మరిచిపోయిన కాళ్ళతో నడిచిన దూరం అది.

ఏడేళ్ళ శిక్ష అంటే ఏడేళ్ళకు ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాను. గైడు చెప్పాక తెలిసింది, తిరుగు ప్రయాణం ఖర్చు ప్రభుత్వం పెట్టదు. పని మనిషి జీతంతో అంత దూరం ఓడ టికెట్టు ఎవరు కొనగలరు? అందుకే చాలామంది ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు. శిక్షలో ఉండగా పెళ్ళి చేసుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. ఏడేళ్ళ శిక్ష అని రాసినా, పేదపిల్లకు అది యావజ్జీవమే.

పిల్లలతో వెళ్ళేవారికి: పదేళ్ళ లోపు వాళ్ళకు పెద్దగా ఆసక్తి ఉండదు, ఆడుకోవడానికి ఏమీ లేదు. పదమూడు పద్నాలుగేళ్ళ ఆడపిల్లలను మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. టూరు సమయాలు, ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు చూసుకోండి.

ఇంటికి వచ్చాక చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఈ ఖైదీల నడవడిక పుస్తకాలను టాస్మానియా ప్రభుత్వ పత్రాల విభాగం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఒక్కో మనిషికి ఒక్కో పద్దు. ఏ ఊరు, ఏ నేరం, ఎత్తు ఎంత, కళ్ళ రంగు, చదువు వచ్చా, ఏ పని తెలుసు అన్నీ రాశారు. కింద ఏళ్ళ తరబడి ఒక్కో తప్పు, ఒక్కో శిక్ష, రకరకాల చేతిరాతల్లో ఇరికించి రాశారు. ఆ రాత చదవడం మొదట కష్టమే, కొంతసేపటికి కన్ను అలవాటు పడుతుంది. నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పని అని ఉన్న చోట కుట్టుపని అని రాసినవాళ్ళను వెతికించాను. దొరికారు. మీరు వెతికేటప్పుడు మనిషి పేరుతో మొదలుపెట్టకండి, ఒకే పేరు చాలామందికి ఉంటుంది. ఓడ పేరు, వచ్చిన సంవత్సరం పట్టుకుని వెళ్ళండి.